పేగుకు పుండు లేదు – నొప్పి మాత్రం నిజం

పదో తరగతి పబ్లిక్ పరీక్షల మొదటి రోజు. పొద్దున్నే ఆత్మకూరు బస్టాండులో నిలబడి చూడండి. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో, ఆటోల్లో పిల్లలు దిగుతుంటారు. చేతిలో అట్ట, జేబులో హాల్ టికెట్టు. "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగితే చాలామంది నోట వచ్చే జవాబు ఒకటే: "తినబుద్ధి కాలేదు సార్." కొందరికి కడుపులో తిప్పుతుంది. కొందరు ఇంట్లో రెండుసార్లు దొడ్డికి వెళ్లి వచ్చి, పరీక్ష కేంద్రంలో మళ్లీ దొడ్డి ఎక్కడుందో వెతుక్కుంటారు.

ప్రశ్నపత్రం చేతికి వచ్చి, మొదటి జవాబు రాయడం మొదలుపెట్టాక ఈ బాధ చాలామందిలో దానంతట అదే పోతుంది. భయం మెదడులో పుడితే కడుపు ఎందుకు కదిలింది? ఇది మంచి ప్రశ్న. కొంతమందికి ఈ బాధ పరీక్షతో పోదు. నెలల తరబడి, సంవత్సరాల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, ఉబ్బరం, కొన్నాళ్లు విరేచనాలు, కొన్నాళ్లు మలబద్ధకం. మలవిసర్జన అయ్యాక కాస్త హాయి, మర్నాడు మళ్లీ మామూలే. రక్తపరీక్ష చేస్తే అంతా బాగుంటుంది. స్కానింగు తీస్తే ఏమీ కనబడదు. "ఏమీ లేదు పో, అంతా నీ భ్రమ" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు.

అది భ్రమ కాదు. దానికి ఒక పేరుంది, కారణాలున్నాయి, దాన్ని అదుపులో పెట్టే మార్గాలూ ఉన్నాయి.

పేరు ఏమిటి?

వైద్యులు దీన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. పొట్టిగా ఐ.బి.ఎస్. ఇరిటబుల్ అంటే ఊరికే చిరాకుపడేది. బవెల్ అంటే పేగు. సిండ్రోమ్ అంటే కలిసికట్టుగా వచ్చే లక్షణాల గుంపు. చీటికిమాటికి చిరాకుపడే పేగు అన్నమాట. మన ఆయుర్వేద గ్రంథాలు గ్రహణి అనే పేరుతో వర్ణించిన బాధల్లోనూ ఇలాంటి లక్షణాలు కొన్ని కనబడతాయి. మన ఊళ్లలో మాత్రం దీన్ని చాలామంది "గ్యాస్ ట్రబుల్" అనో "అమీబియాసిస్" అనో అనుకుంటారు. అలా అనుకుని మందుల షాపులో మాత్రలు కొని, ఏ క్రిమీ లేని పేగులోకి క్రిములను చంపే మందు పోస్తుంటారు.

ఇది అరుదైన జబ్బు కాదు. మన దేశంలో జీర్ణకోశ వైద్యుల సంఘం జరిపిన సర్వే ఫలితాలు 2008లో వెలువడ్డాయి. వాటి ప్రకారం వందమందిలో సుమారు నలుగురికి ఈ బాధ ఉంది. 2021లో ప్రచురించిన అంతర్జాతీయ సర్వేలో కూడా ఇంచుమించు ఇదే లెక్క తేలింది. అంటే వెయ్యిమంది చదివే హైస్కూలును ఊహించుకుంటే, ఇలాంటివారు అందులోనూ కొందరు ఉండవచ్చు. సిగ్గువల్ల వాళ్లు బయటికి చెప్పరు. తరగతిలో జీర్ణవ్యవస్థ పాఠం చెబుతూ "మలం" అనే మాట ఎత్తగానే వెనక బెంచీల్లో ముసిముసి నవ్వులు మొదలవుతాయి కదా! ఆ నవ్వుల మధ్య నోరు విప్పేదెవరు?

పేగు ఒక గొట్టం మాత్రమే కాదు

మన చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. పెద్దపేగు సుమారు మీటరున్నర. తిన్నది ఇంత దూరం ఎలా ప్రయాణం చేస్తుంది? కిందికి జారిపోతుంది అనుకుంటే పొరపాటు. తలకిందులుగా ఉన్నా మనం మింగగలం.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. పాత సైకిల్ ట్యూబు మూరెడు ముక్క కోయండి. లోపల సబ్బునీళ్లు రాసి ఒక గోలీ వేయండి. గోలీకి వెనకవైపున ట్యూబును వేళ్లతో నొక్కండి. గోలీ ముందుకు కదులుతుంది. మళ్లీ వెనక నొక్కండి, ఇంకా ముందుకు పోతుంది. పేగు గోడల్లోని కండరాలు చేసే పని ఇదే. ఆహారముద్దకు వెనక బిగుసుకుంటాయి, ముందు వదులవుతాయి. ఈ అలలాంటి కదలికను పెరిస్టాలిటిక్ చలనం అంటారని మీ పాఠంలో చదివే ఉంటారు.

మీ ప్రయోగంలో ట్యూబును నొక్కింది మీ వేళ్లు. పేగును నొక్కమని చెప్పేదెవరు? 1899లో ఇంగ్లండులో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్క పేగుకు బయటినుంచి వచ్చే నాడులను కోసివేసి చూశారు. అయినా పేగు లోపల ముద్ద పెట్టగానే అలలు వచ్చాయి! మెదడు నుంచి ఆజ్ఞ రాకపోయినా పేగు తన పని తాను చేసుకుంది. కారణం ఏమిటంటే పేగు గోడలోనే నాడీకణాల వల ఒకటి ఉంది. అందులో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉంటాయి. అందుకే కొందరు శాస్త్రజ్ఞులు దీన్ని సరదాగా "రెండో మెదడు" అంటారు. సెరటోనిన్ అనే రసాయనం పేరు మెదడుకు సంబంధించి ఎక్కువగా వింటాం. కాని మన ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో దాదాపు తొంభై శాతం పేగులోనే ఉంటుంది.

ఈ రెండో మెదడుకూ తలలో ఉన్న మెదడుకూ మధ్య తంతి తీగ లాంటి నాడి ఉంది. దాని పేరు వేగస్. ఆ తీగలోని పోగుల్లో ఎక్కువభాగం కడుపు నుంచి మెదడుకు వార్తలు మోసేవే. తక్కినవి మెదడు నుంచి కడుపుకు వార్తలు తెస్తాయి. కడుపు బాగాలేకపోతే మనసు బాగుండదు, మనసు బాగాలేకపోతే కడుపు బాగుండదు అనడం ఉత్త మాట కాదన్నమాట.

దీన్ని కళ్లారా చూసినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్. 1895 చివరలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుక్కున్నాడు. మరుసటి ఏడాదికే హార్వర్డులో వైద్యవిద్యార్థిగా ఉన్న కానన్ వాటిని జీర్ణక్రియ చూడడానికి ఉపయోగించాడు. ఎక్స్‌కిరణాలకు నల్లగా కనబడే బిస్మత్ లవణాన్ని ఆహారంలో కలిపి పిల్లులకు పెట్టి, జీర్ణాశయం కదలికలను తెరమీద చూశాడు. పిల్లి హాయిగా ఉన్నంతసేపూ అలలు వరసగా వచ్చేవి. పిల్లికి కోపమో కంగారో కలగగానే అలలు ఆగిపోయేవి. తిరిగి శాంతించగానే మళ్లీ మొదలయ్యేవి. పరీక్ష రోజు పొద్దున ముద్ద దిగకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది కదా! మనిషి కంగారుపడినప్పుడు జీర్ణాశయం నెమ్మదిస్తే, పెద్దపేగు మాత్రం తొందరపడుతుంది. అందుకే తినబుద్ధి కాదు, దొడ్డికి మాత్రం పరుగెత్తాల్సి వస్తుంది.

చిరాకు ఎక్కడ మొదలవుతుంది?

ఐ.బి.ఎస్. ఉన్నవారి పేగులో పుండు ఉండదు, గడ్డ ఉండదు. తేడా అంతా పని తీరులో ఉంటుంది. ఆ తేడాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, నాడుల సున్నితత్వం. 1973లో ఇంగ్లండులో రిచీ అనే వైద్యుడు ఒక పరిశోధన ప్రచురించాడు. పెద్దపేగు చివరిభాగంలో చిన్న బుడగ పెట్టి 60 మిల్లీలీటర్ల గాలి నింపాడు. మామూలు మనుషుల్లో నొప్పి అన్నవారు చాలా కొద్దిమంది. ఐ.బి.ఎస్. ఉన్నవారిలో సగానికి పైగా నొప్పి అన్నారు. బుడగ అదే, గాలి అంతే, బాధ వేరు! రేడియో శబ్దం పెంచే మీటను ఎవరో చివరిదాకా తిప్పి వదిలేసినట్లు ఉంటుంది వాళ్ల పరిస్థితి. స్టేషను నుంచి వచ్చే పాట అందరికీ ఒకటే, వీళ్ల చెవిలో మాత్రం హోరు.

మన నెల్లూరు కారం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మిరపకాయలోని కాప్సైసిన్‌ను పసిగట్టే గ్రాహకాన్ని అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుక్కుంది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గ్రాహకం నాలుకమీదే కాదు, పేగు నాడుల్లోనూ ఉంది. ఐ.బి.ఎస్. ఉన్న కొందరిలో ఆ గ్రాహకాలున్న నాడీపోగులు మామూలుకంటే ఎక్కువగా కనిపించాయి. ఆవకాయ నలుగురూ తింటే ఒకడికే కడుపు మండడంలో వింత లేదు.

రెండోది, కదలికల్లో లయ తప్పడం. అలలు వేగంగా వస్తే పెద్దపేగుకు నీటిని పీల్చుకునే వ్యవధి ఉండదు. విరేచనాలవుతాయి. నెమ్మదిగా వస్తే నీరంతా ఇంకిపోయి మలం గట్టిపడుతుంది. కొందరిలో ఇవి రెండూ వంతులవారీగా వస్తాయి.

మూడోది, పులియడం. ఇడ్లీపిండిని రాత్రి కలిపి ఉంచితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది కదా! పిండిలోని సూక్ష్మజీవులు చక్కెరలను తిని వాయువు విడుదల చేయడం వల్ల అది పొంగింది. మన పెద్దపేగులో కూడా కోట్లకోట్ల సూక్ష్మజీవులున్నాయి. చిన్నపేగులో జీర్ణం కాకుండా మిగిలిన కొన్ని రకాల చక్కెరలు వాటికి చేరినప్పుడు అక్కడా అదే జరుగుతుంది. ఇది అందరిలో జరిగేదే. నాడులు సున్నితంగా ఉన్నవారిలో మాత్రం ఆ కొద్దిపాటి పొంగు నొప్పి అవుతుంది.

అసలు ఇది ఎలా మొదలవుతుంది? అందరిలోనూ ఒకే కారణం కాదు. ఒక కారణం మాత్రం మనం మనసుకు పట్టించుకోవాలి. 2000 సంవత్సరం మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్టణంలో తాగునీటి బావిలోకి పశువుల ఎరువు నుంచి క్రిములు చేరాయి. రెండువేల మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. రెండు మూడేళ్ల తర్వాత పరిశోధకులు ఆ ఊరి జనాన్ని మళ్లీ పరీక్షించారు. ఆనాడు జబ్బుపడనివారిలో పదిమందికి ఒకరు ఐ.బి.ఎస్. లక్షణాలతో ఉంటే, జబ్బుపడినవారిలో మూడోవంతుకు పైగా ఆ లక్షణాలతో బాధపడుతున్నారు. క్రిములు ఎప్పుడో పోయాయి, పేగు మాత్రం ఆ దెబ్బను మరచిపోలేదు. శుభ్రమైన నీళ్లు, సబ్బుతో చేతులు కడుక్కోవడం ఈ రోజు విరేచనాలనే కాదు, రేపటి బాధను కూడా తప్పిస్తాయన్నమాట.

ముందు తేల్చుకోవలసింది

ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. కడుపునొప్పి అంతా ఐ.బి.ఎస్. కాదు.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు సంగతి వినే ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో చిన్నపేగు గోడ దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. 1923లో అమెరికా వెళ్లిన సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ ప్రయోగశాల బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ఆ సంగతి ప్రకటించింది. స్ప్రూ రోగుల చికిత్సలో అది నేటికీ ఒక భాగం. స్ప్రూ కూడా విరేచనాలతోనే మొదలవుతుంది. దాన్ని "ఏదో కడుపు చిరాకు" అని వదిలేస్తే ప్రాణానికే ముప్పు. నులిపురుగులు, అసలైన అమీబియాసిస్, పేగుల క్షయ, పాలు పడకపోవడం, ఇలా ఐ.బి.ఎస్. వేషంలో కనిపించేవి చాలా ఉన్నాయి.

మన నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలో ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును గురించిన తొలి వైద్యనివేదికలు వచ్చింది ఈ జిల్లా నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బు గురించి ప్రచురించారు. ఉదయగిరి వైపు పల్లెల్లో బోరునీటిలో ఫ్లోరైడ్ నేటికీ సమస్యే. ఫ్లోరైడ్ అనగానే గారపట్టిన పళ్లు, వంగిన ఎముకలు గుర్తొస్తాయి. కాని ఆ నీళ్లు చాలాకాలం తాగినవారిలో వికారం, కడుపునొప్పి, మలబద్ధకం వంటివి కూడా ఎక్కువగా కనబడుతున్నట్లు మన దేశంలో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అలాంటి ఊళ్లో ఒక పిల్లవాడికి తరచు కడుపునొప్పి వస్తుంటే, తాగే నీటి సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదు. ఇంకొక్క మాట: నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది.

మరి డాక్టరు ఐ.బి.ఎస్.ను ఎలా గుర్తుపడతారు? దీనికంటూ ప్రత్యేకమైన రక్తపరీక్ష లేదు. వైద్యులు అంతర్జాతీయంగా ఒప్పుకున్న లక్షణాల పట్టిక ఒకటి ఉంది. పెద్దవారిలో సగటున వారానికి ఒక రోజైనా, మూడు నెలలపాటు కడుపునొప్పి ఉండాలి. బాధ మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం ఉండడం, వెళ్లే సార్లు మారడం, మలం రూపం మారడం – ఈ మూడింటిలో రెండైనా కనబడాలి. పిల్లల్లో అయితే నెలకు నాలుగు రోజులైనా, రెండు నెలలపాటు నొప్పి ఉందా అని చూస్తారు. ఆపైన కొద్దిపాటి పరీక్షలతో ఇతర జబ్బులు లేవని తేల్చుకుంటారు.

ఈ కింది గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి:

• మలంలో రక్తం పడడం
• బరువు తగ్గడం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం
• తరచు జ్వరం రావడం
• నొప్పితోనో విరేచనంతోనో నిద్రలో మెలకువ రావడం
• ఆగకుండా వాంతులు కావడం
• రక్తహీనతతో పాలిపోవడం
• కడుపులో కుడివైపు కిందిభాగాన నొప్పి నిలిచిపోయి పెరగడం

వీటిని గోడమీది ఎర్రదీపాలుగా గుర్తుంచుకోండి. ఐ.బి.ఎస్. ఎంత బాధపెట్టినా ఈ దీపాలు వెలిగించదు. అది క్యాన్సరుగా మారదు, ప్రాణం తీయదు. ఈ ఒక్క మాట డాక్టరు నోట విన్నాక సగం బాధ తగ్గినవారు ఎందరో ఉన్నారు.

అదుపులో పెట్టడం ఎలా?

ఐ.బి.ఎస్.కు ఒక్క మాత్రతో మాయమయ్యే మందు లేదు. కాని మనిషి మామూలుగా బతికే స్థితికి తెచ్చుకోవచ్చు. దానికి మొదటి సాధనం మందు కాదు, ఒక నోటుపుస్తకం.

రెండు వారాలపాటు రోజూ నాలుగు సంగతులు రాయాలి: ఏం తిన్నారు, ఎప్పుడు నొప్పి వచ్చింది, మలం ఎలా ఉంది, ఆ రోజు మనసు ఎలా ఉంది. మలం రూపాన్ని గురించి రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. 1997లో బ్రిస్టల్ నగర వైద్యులు దాన్ని ఏడు రకాలుగా విభజించి పట్టిక ప్రచురించారు. గట్టి ఉండలు ఒకటో రకం, ఉత్త నీళ్లు ఏడో రకం. ఇప్పుడు డాక్టర్లు ఆ అంకెలతోనే మాట్లాడుకుంటారు.

ఈ పుస్తకం రాయడం అచ్చంగా సైన్సు పని. ఒకసారి పాలు తాగిన రోజు నొప్పి వచ్చింది అనుకోండి. పాలే కారణమా? అదే రోజు లెక్కల పరీక్ష కూడా ఉండి ఉండవచ్చు. పాలు తాగిన ప్రతిసారీ వచ్చి, మానినప్పుడు పోయి, మళ్లీ తాగితే మళ్లీ వస్తే అప్పుడు పాలను అనుమానించాలి. ఒకేసారి పది పదార్థాలు మానేస్తే ఏది దోషో ఎప్పటికీ తేలదు.

ఇక తిండి. వేళకు తినాలి, నమిలి తినాలి. పొద్దున ఖాళీ కడుపుతో బడికి వచ్చి మధ్యాహ్నం ఒక్కసారే దట్టించడం ఈ పేగుకు పడదు. కొందరు "తిన్న వెంటనే దొడ్డికి పోతున్నాను, తిన్నది తిన్నట్లే పోతోంది" అని భయపడతారు. అది నిజం కాదు. తిన్నది బయటికి రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. జీర్ణాశయంలో ముద్ద పడగానే పెద్దపేగుకు కదలమని సంకేతం వెళుతుంది. బయటికి వచ్చేది నిన్నటిదో మొన్నటిదో. మలబద్ధకం ఉన్నవారు ఈ సంకేతాన్ని ఉపయోగించుకోవచ్చు. పొద్దున ఫలహారం చేసిన పావుగంటకు, తొందర లేకుండా దొడ్డిలో కూర్చోవడం అలవాటు చేసుకోవాలి.

పులిసే చక్కెరల సంగతి చెప్పుకున్నాం. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వీటిని ఒక గుంపుగా చేర్చి 2005లో ఫోడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు, ఆపిల్, మామిడి, పుచ్చకాయ వీటిలో ఇవి ఎక్కువ. బియ్యంలో తక్కువ. జబ్బు చేసినవాడికి అవ్వ మెత్తటి అన్నంలో పల్చటి మజ్జిగ పోసి పెట్టడం వెనక అనుభవం ఉందన్నమాట. పాలు తోడుకునేటప్పుడు సూక్ష్మజీవులు పాలచక్కెరలో కొంతభాగాన్ని ఆమ్లంగా మారుస్తాయి కనుక, పాలు పడనివారికి కూడా పెరుగు, మజ్జిగ చాలావరకు పడతాయి. పప్పు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే పులిసే చక్కెరలు కొన్ని నీళ్లతో పోతాయి.

అయితే హెచ్చరిక. ఈ జాబితా చూసి పప్పు, పాలు, పండ్లు అన్నీ మానేయకండి! ఎదిగే వయసులో మాంసకృత్తులకు పప్పు, కాల్షియానికి పాలు మీకు కావాలి. ఈ పద్ధతిని డాక్టరో ఆహారనిపుణులో చెప్పినట్లు నాలుగు నుంచి ఆరు వారాలు పాటించి, తర్వాత ఒక్కొక్క పదార్థాన్నీ తిరిగి చేర్చుకుంటూ ఏది పడదో తేల్చుకోవాలి. చివరికి మానవలసినవి ఒకటో రెండో ఉంటాయి, అంతే.

పీచుపదార్థంలోనూ తేడాలున్నాయి. గోధుమ తవుడు లాంటి గరుకు పీచు కొందరిలో ఉబ్బరం పెంచుతుంది. ఇసబ్‌గోల్ పొట్టు మేలు చేస్తుంది. గుజరాత్, రాజస్థాన్‌లలో పండే ఒక చిన్న మొక్క గింజల పైపొట్టు ఇది. గ్లాసు నీళ్లలో చెంచాడు పొట్టు కలిపి పావుగంట ఆగి చూడండి. జిగురు ముద్దలా ఉబ్బుతుంది. నీటిని పట్టి ఉంచే ఈ గుణం వల్లే అది గట్టి మలాన్ని మెత్తబరుస్తుంది, నీళ్ల మలాన్ని కాస్త చిక్కబరుస్తుంది. ఒకే మందు రెండు వ్యతిరేక బాధలకు పనికిరావడంలోని రహస్యం ఇదే. దీన్ని సరిపడా నీళ్లతోనే తీసుకోవాలి. పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది.

మందుల్లో పేగు కండరాల బిగువు సడలించేవి, విరేచనాలు ఆపేవి, మలం మెత్తబరిచేవి ఉన్నాయి. పిప్పరమెంటు నూనెను పేగులో కరిగే గొట్టం మాత్రలుగా ఇస్తారు. అందులోని మెంథాల్ కండరాలను సడలిస్తుంది. కొందరికి డాక్టర్లు మనోవ్యాకులతకు వాడే మందును చాలా తక్కువ మోతాదులో రాస్తారు. "నాకు పిచ్చి అనుకుంటున్నారా?" అని రోగి కోపగించుకోనక్కరలేదు. రేడియో శబ్దం మీట గుర్తుంది కదా, ఆ మందు నాడుల మీటను కాస్త తగ్గిస్తుంది. అలాంటి ఒక మందు మేలు చేస్తుందని 2023లో ఇంగ్లండులో జరిగిన పెద్ద పరీక్షలో రుజువైంది. ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అన్నది మాత్రం డాక్టరు తేల్చాలి. పక్కింటాయనకు పనిచేసిన మాత్ర మీకు పనిచేయాలని లేదు.

నమ్మకం కూడా మందేనా?

2010లో హార్వర్డు పరిశోధకులు ఒక వింత పరీక్ష ప్రచురించారు. ఐ.బి.ఎస్. ఉన్న 80 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మందేమీ లేని ఉత్త మాత్రలు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు దాచలేదు. "వీటిలో మందు లేదు" అని సీసామీద రాసి మరీ ఇచ్చారు. రెండో జట్టుకు మాత్రలు లేవు. రెండు జట్లతోనూ డాక్టర్లు ఒకేలా ఆప్యాయంగా మాట్లాడారు. మూడు వారాల తర్వాత మాత్రల జట్టులో నూటికి 59 మంది బాగుందన్నారు. రెండో జట్టులో నూటికి 35 మంది బాగుందన్నారు.

దీన్నిబట్టి "చూశారా, నొప్పి అబద్ధమే" అని తేల్చేయకండి. నిజమైన నొప్పి మీద కూడా మెదడు నుంచి వచ్చే వార్తలకు పట్టు ఉందని దీని అర్థం. అందుకే కంగారు తగ్గించే పద్ధతులు ఈ జబ్బు చికిత్సలో చేరాయి. భయపెట్టే ఆలోచనలను పట్టుకుని సరిచేసుకోవడం నేర్పే మానసిక చికిత్స ఉంది. యోగాసనాలు, రోజూ నడక, వేళకు నిద్ర ఉన్నాయి. మీరు ఇప్పుడే చేయగలిగింది ఒకటి చెబుతాను. చెయ్యి బొడ్డుమీద పెట్టుకోండి. చెయ్యి పైకి లేచేలా నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి. ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. పరీక్ష హాలు బయట నిలబడి కూడా చేయవచ్చు, ఎవరూ గమనించరు.

మనం చేయగల సాయం

ఈ బాధ ఉన్న విద్యార్థికి బడిలో అన్నిటికంటే పెద్ద కష్టం నొప్పి కాదు, భయం. పాఠం మధ్యలో లేచి అడగాలంటే సిగ్గు. అడిగితే మిగతావాళ్లు నవ్వుతారని బెరుకు. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే, నీళ్లు లేకపోతే, ఆడపిల్లలు మంచినీళ్లు తాగడం కూడా మానేసి సాయంత్రందాకా బిగబట్టుకుంటారు. బిగబట్టుకునే కొద్దీ మలం గట్టిపడుతుంది, నొప్పి పెరుగుతుంది, భయం పెరుగుతుంది, భయం తిరిగి పేగును కదిలిస్తుంది. చివరికి బడి మానేయడమే సుఖం అనిపిస్తుంది.

ఈ చక్రాన్ని తెంచడానికి డాక్టరు ఒక్కరే సరిపోరు. బడిలో తలుపు, గొళ్లెం, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి ఒక మందే. అడగకుండానే వెళ్లి రావచ్చునని పంతులు ఇచ్చే అనుమతి ఒక మందే. తరచు కడుపునొప్పి అనే స్నేహితుణ్ణి "బడి ఎగ్గొట్టే నాటకం" అని ఎగతాళి చేయకుండా, "ఇంట్లో చెప్పావా? డాక్టరుకు చూపించావా?" అని అడగడం ఇంకొక మందు. దానికి ఖర్చేమీ లేదు.

మీకే ఈ బాధ ఉంటే, ఈ రాత్రి ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి మొదటి పేజీ రాయండి. రెండు వారాల తర్వాత అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని, ఆ పుస్తకం తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి. పైన చెప్పిన ఎర్రదీపాల్లో ఒక్కటి వెలిగినా రెండు వారాలు ఆగవద్దు, రేపే వెళ్లండి.